గడప దాటని గోలీ

"ఆడనే ఆగు. గడప దాటకు."

నాగమణమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతిలో అప్పుడే విరిచి తెచ్చిన వేపమండ ఉంది. లావణ్య ఒక చేత్తో నీళ్ల గ్లాసు, ఇంకో చేతి గుప్పిట్లో మందు గోలీ పట్టుకుని గడప ఇవతలే నిలబడిపోయింది.

"పెద్దత్తమ్మా, మొన్న తప్పింది. నిన్న తప్పింది. ఇయ్యాల గూడ తప్పితే ఎట్ల?"

"తల్లి పోసిన ఒంట్లకు మందు పోతదానె? మీ ఊర్ల గిట్లనే చేస్తరా?"

"మా ఊర్ల గూడ చెయ్యరు."

"మరి అన్నీ తెల్సి ఎందుకు చేస్తున్నవ్?"

జవాబు లావణ్య నాలుక మీదే ఉంది. ఒక్క మాట. ఆ మాటను ఈ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ పైకి అనలేదు. ఆమె మామ మొగులయ్యకు తెలుసు, భర్త మహేందర్‌కు తెలుసు, ఆమెకు తెలుసు. లోపల మంచం మీద పడుకున్న మనిషికి మాత్రం తెలియదు.

లోపల అత్త ఆండాలు గోడవైపు తిరిగి పడుకుంది. పక్క మీద వేపాకు పరిచారు. నుదుటి నుంచి మెడ కిందిదాకా ఎర్రటి పొక్కులు. కొన్నింటి మొనల్లో చీము పట్టింది. నాగమణమ్మ రుద్దిన పసుపు వాటి మీద ఎండి పెచ్చులు కట్టింది. గోకొద్దని చెప్పినా ఆమె వేళ్లు చెంప దాకా వెళ్లి, గుర్తొచ్చి, మళ్లీ వెనక్కి వస్తున్నాయి.

నాగమణమ్మ మొగులయ్యకు అక్క. ధూల్‌పేటలో కొడుకు దగ్గర ఉంటుంది. తమ్ముడి భార్యకు తల్లి పోసిందని, ఒంటి మీద అమ్మవారు వెలిసిందని తెలిసిన పూటే ఆటో ఎక్కి హుస్సేనీ ఆలంలోని ఈ ఇంటికి వచ్చేసింది. వస్తూనే ఇంట్లో తాలింపు బంద్ చేయించింది. నూనె వాసన రావద్దంది. ఎవరూ తల దువ్వుకోవద్దంది. పాలు కొనడానికి వచ్చేవాళ్లను గల్లీ మొదట్లోనే ఆపమంది. ఆఖరికి మందుల డబ్బా తీసి పశువుల కొట్టంలో, తౌడు బస్తా పక్కన పెట్టించింది.

"బోనాల నాడు ఈ ఇంట్ల బోనం లేవలేదు. నాకు బుద్ధి తెలిసినకాడికెల్లి గట్ల ఎన్నడు గాలె," అంది నాగమణమ్మ. "కోడలు ఉన్నది. కాళ్లు చేతులు మంచిగున్నయి. ఒక్క కుండ నెత్తిన పెట్టుకోలేకపాయె."

"ఆ దినం అత్తమ్మతోని దవాఖానల ఉన్న గద."

"దవాఖాన యాడికన్న పారిపోతదా? తల్లికి ఏడాదికి ఒక్కటే దినం. తల్లి ఊకుంటదా? ఇగో, వచ్చి మొఖం మీదనే కూసున్నది."

"వదినె," లోపలి నుంచి ఆండాలు గొంతు వచ్చింది. "లొల్లి పెట్టకు. పిల్ల పరేషానైతది."

"నేనేడ లొల్లి పెడ్తున్న? తల్లి ఉన్న ఇంట్ల లొల్లి జేయొద్దని చెప్తున్న!" నాగమణమ్మ ఆ మాట పక్కింటి మేడ మీది వాళ్లకు కూడా వినపడేలా చెప్పింది.

ఆండాలు ఇటు తిరిగింది. కనురెప్పలు కూడా ఉబ్బాయి. అయినా కోడలిని చూసి నవ్వడానికి ప్రయత్నించింది.

"ఫికర్ జేయకు బిడ్డా. నిమ్ము తగ్గింది. దగ్గు గూడ పోయింది. పొక్కులు రాకముందు మిద్దెక్కి దిగినా ఆయాసం రాలె. ఇంక ఆ గోలీ ఏమిటికి? తల్లి చల్లబడి పోనీ, గప్పుడు జూద్దాం."

 దగ్గు ఎందుకు పోయిందో లావణ్యకు తెలుసు. ఆ గోలీ మొదలుపెట్టాకే పోయింది. బాగుపడటమే ఇప్పుడు మందు మానడానికి కారణమై కూర్చుంది.

గుప్పిట్లో గోలీ చెమటకు తడిసింది. ఆమె వెనక్కి తిరిగింది.

*

కొట్టంలో మహేందర్ ఖాళీ పాలక్యాన్లు బండి మీంచి దించుతున్నాడు. హోటళ్లకు పాలు పోసి అప్పుడే వచ్చాడు. మొగులయ్య ఓ మూల కూర్చుని దాణా కలుపుతున్నాడు. కోడలు రావడం చూసి తల ఇంకా వంచుకున్నాడు.

"ఇయ్యనియ్యలేదా?" మహేందర్ అడిగాడు.

"లే."

"దంచి పాలల్ల కలిపియ్యి. తెల్వదు."

"ఎవరికి తెల్వదు? అత్తమ్మకా? గిలాసెడు పాలల్ల చెంచెడు నీళ్లు గలిస్తే మూతి పెట్టంగనే చెప్తది. పాలోళ్ల ఇంట్ల పాలల్ల కల్తీ జేసి ఆమెకే ఇస్తవా?"

 మహేందర్ క్యాన్లను గోడ వెంట వరుసగా పేర్చాడు. పేర్చినవాటినే మళ్లీ సర్దాడు.

"చెప్పాలె," అంది లావణ్య.

"ఏం జెప్పాలె?"

"ఉన్నదున్నట్టు."

"నోరు ముయ్యి."

"ఎన్ని దినాలు ముయ్యాలె?"

"లీలమ్మకు చెప్పిండ్రు," మహేందర్ గొంతు తగ్గించాడు. లీలమ్మ అదే గల్లీలో పూలు కట్టేది. "నీకు గీ రోగమున్నదని ఆమె కొడుకే చెప్పిండు. ఏమైంది? చెప్పిన్నాడే మంచమెక్కింది. తిండి బంద్, మాట బంద్. మల్ల లేసిందా? రోగం జంపలే ఆమెను. ఆ పేరు జంపింది."

"లీలమ్మకు గోలీ లేకుండె. అత్తమ్మకు ఉన్నది."

"నువ్వు చెప్తవా? మా అమ్మ మొఖం జూసి?"

"నేను చెప్తే బాగుండదు. నువ్వు చెప్పాలె."

"నా నోటికెల్లి రాదు." అతను చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు, మాట నిజంగానే బయటికి వస్తుందేమోనన్నట్టు. "రాదు లావణ్యా. నన్ను సతాయించకు."

మొగులయ్య చేతుల కింద దాణా కలిసిపోయి చాలాసేపయింది. అయినా కలుపుతూనే ఉన్నాడు.

లావణ్య ఫోన్ తీసింది. పొద్దున అత్త ముఖం ఫొటో, ఆ గోలీ రాసిచ్చిన డాక్టర్ గీతాంజలికి పంపింది. ఇప్పుడు ఫోన్ చేసి, భర్తకూ మామకూ వినపడేలా స్పీకర్ పెట్టింది.

"చూశానమ్మా," అంది డాక్టర్. "అమ్మవారు కాదు, ఆటలమ్మ అంతకన్నా కాదు. ఆ గోలీ చర్మం మీద కూడా పని చేస్తుంది, వేసుకునేవాళ్లలో చాలామందికి ఇట్లాగే వస్తుంది. పసుపు, వేపాకు రుద్దడం ఆపేయండి, పుండ్లు పడతాయి. రేపు తీసుకురండి, పూతమందు రాసిస్తాను. గోలీ మాత్రం ఆపొద్దు."

"రెండు దినాలు ఆగింది మేడమ్."



"ఎందుకు ఆపారు? ముఖం మీద పొక్కులు వస్తాయని, భయపడొద్దని, రాగానే ఫోన్ చేయమని మీ ఆయనకు మొదటి రోజే చెప్పాను కదా?"

లావణ్య మహేందర్‌ను చూసింది. అతను క్యాన్ మూత తిప్పుతూ ఉన్నాడు.

"చెప్పిండ్రా మేడమ్?"

"రెండుసార్లు చెప్పాను. ఇంతకీ ఆవిడకు తెలుసా, తను దేనికి మందు వేసుకుంటున్నదో?"

 కొట్టంలో ఒక బర్రె తల విదిలిస్తే గొలుసు చప్పుడైంది. ఆ చప్పుడు డాక్టర్‌కూ వినపడి ఉంటుంది.

"ఇట్లా అయితే కష్టమమ్మా," అంది ఆమె నెమ్మదిగా. "ఆవిడ ఒంటికి ఏమవుతున్నదో ఆవిడకు తెలియకపోతే ఇవాళ పొక్కులకు ఆపుతారు, రేపు విరేచనాలకు ఆపుతారు. మందు ఆగితే అది మళ్లీ పెరగడం మొదలుపెడుతుంది."

"మేడమ్, ఒక్క మాట. పొక్కులొచ్చినయంటే మందు పని జేస్తున్నట్టేనా?"

"చాలామందిలో అట్లా చూశాం. కానీ స్కాన్ చూసేదాకా నేను మాటివ్వను."

ఫోన్ పెట్టేశాక లావణ్య భర్త ఎదురుగా వెళ్లి నిలబడింది.

"నీకు తెల్సు. తెల్సి గూడ, పెద్దత్తమ్మ తల్లి పోసిందంటుంటే ఊకున్నవ్."

"పొక్కులు గోలీతోనొచ్చినయంటే, గోలీ దేనికని అడగదా? ఒక్కటి జెప్తే ఇంకోటి చెప్పాలె. గందుకే..."

"గందుకే అత్తమ్మకు నిమ్ము అని చెప్పినవ్. ఇప్పుడు తల్లి అన్నా ఊకున్నవ్."

 దాణా తొట్టి దగ్గర మొగులయ్య లేచి, చేతులు దులుపుకోకుండానే బయటికి వెళ్లిపోయాడు.

లావణ్యకు డాక్టర్ ముందు చెప్పిన సంగతులు గుర్తొచ్చాయి. మొదటిసారి దవాఖానకు వెళ్లినప్పుడు డాక్టర్ కాగితం మీద ఒక గుండ్రం గీసింది. ఇది ఊపిరితిత్తుల్లోని కణం అంది. దాని అంచు మీద చిన్న తలుపు గీసింది. మన ఒంట్లో పెప్టైడ్‌లని చిన్న చిన్న ప్రొటీన్ ముక్కలు ఉంటాయి, వాటిలో కొన్ని పెరగమని కబురు మోస్తాయి, అవి వచ్చి ఈ తలుపు తడితేనే కణం పెరుగుతుంది అంది. ఈవిడ గడ్డలో ఆ తలుపు పాడై, తట్టినా తట్టకపోయినా తెరిచే ఉంటున్నదట. ఈ గోలీ లోపలి నుంచి గడియ పెడుతుందట. "బీడీ ముట్టని మనిషికి ఇదేంది మేడమ్?" అని ఆ రోజు మహేందర్ అడిగాడు. ముట్టనివాళ్లలోనే ఈ రకం ఎక్కువ, అందుకే ఈ గోలీ ఈవిడకు పట్టే అవకాశం ఉందని డాక్టర్ చెప్పింది. చర్మానికీ అదే తలుపు ఉంటుందన్నమాట. పొక్కులు వస్తాయని ఆమె ఎప్పుడు చెప్పిందో లావణ్యకు తెలియదు. తను మందుల కోసం కిందికి వెళ్లినప్పుడై ఉంటుంది. ఆ మాట విన్నది మహేందర్ ఒక్కడే.

*

మిట్టమధ్యాహ్నం నాగమణమ్మ తల్లికి ధారపోసే సాక సిద్ధం చేసింది. కొత్త ముంతలో నీళ్లు, పసుపు, బెల్లం, వేపాకు. గడపకు రెండు పక్కలా ధార పోసి, చల్లన్నం, ఉల్లిగడ్డ ముక్కలు ఆకులో పెట్టి మంచం దగ్గరికి తెచ్చింది. మొగులయ్య తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మహేందర్ గది బయట, గోడకు ఆనుకుని ఉన్నాడు.

నాగమణమ్మ కొంగు మెడ చుట్టూ కప్పుకుని మంచం ముందు వంగింది.

"తల్లీ, తప్పైతే కాయి. పిల్లలు తెల్వనోళ్లు. నీకు ఏం గావాలెనో నోరు తెర్సి చెప్పు. గదే జేస్తం."

"నాకు మొక్కుతవేంది వదినె? నాకంటె పెద్దదానివి," ఆండాలు కాళ్లు ముడుచుకుంది.

"నీకెవలు మొక్కుతున్నరే? నీ మీదున్న తల్లికి మొక్కుతున్న. నువ్వు ఊకో." మళ్లీ చేతులు జోడించింది. "ఇప్పుడు నీ నోటికెల్లి ఏదొస్తే అది తల్లి మాటనే. ఈ ఇంట్ల ఎవ్వలు కాదనేదానికి లేదు."

గడప బయట ఉన్న లావణ్య ఆ మాట విన్నది.

 ఆమె కూడా కొంగు మెడ చుట్టూ కప్పుకుంది. కాళ్ల మీద నీళ్లు పోసుకుని లోపలికి వచ్చి, నాగమణమ్మ పక్కనే మోకాళ్ల మీద కూర్చుంది. గుప్పిట తెరిచి గోలీ చూపించింది.

"తల్లీ, నేనొకటి అడుగుత. ఈ గోలీ ఇయ్యమంటవా, వద్దంటవా?"

"లావణ్యా!" బయటి నుంచి మహేందర్ అరిచాడు.

నాగమణమ్మ నోరు తెరిచింది. ఆమె అన్న మాట ఆమెకే అడ్డం వచ్చింది. నోరు మూసుకుంది.

ఆండాలు కోడలి అరచేతిలోకి చూసింది. ఆ తర్వాత కోడలి ముఖంలోకి చూసింది. 

"నిమ్ము గోలీకి గింత కొట్లాట ఎందుకు బిడ్డా?" అంది మెల్లగా. "ఇది దేనికి?"

లావణ్య తెరిచిన గుప్పిట మూసుకుంది.

"తల్లిననుకునే అడిగినవ్ గద. తల్లికే జెప్పు."

"చెప్పవే," నాగమణమ్మ కసిరింది. "తల్లి ముందల అబద్ధమాడితే కండ్లు పోతయి."

మహేందర్ గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి రాలేదు. లావణ్య అతనివైపు తిరిగి చూసింది. చెప్పమని బతిమాలినట్టే చూసింది. అతను పెదాలు బిగించి తల అడ్డంగా ఊపాడు.

"క్యాన్సర్ అత్తమ్మా," అంది లావణ్య. "ఊపిరితిత్తులల్ల గడ్డ."

గల్లీలో ఎవరో పాత ఇనుము కొంటామని అరుస్తూ పోయారు. ఆ అరుపు మలుపు తిరిగి, దూరమై, వినపడకుండా పోయింది. 

నాగమణమ్మ చేతిలోని వేపమండ ఒళ్లో పడింది. "నాకెవలన్న చెప్పిండ్రా?" అంది, ఎవరినీ చూడకుండా. "చెప్తే నేను ఆపుదునా? ఎవలన్న ఒక్క మాట చెప్పిండ్రా నాకు?"

ఆండాలు లేచి కూర్చుంది. జారిన వేపాకును చేత్తో పక్కకు నెట్టింది.

"ఈ గోలీ ఏం జేస్తది దాన్ని?"

లావణ్యకు కాగితం మీది గుండ్రం గుర్తొచ్చింది. అది ఇక్కడ పనికిరాదనిపించింది.

"దూడ మూతి పెడ్తెనే బర్రె పాలు చేపుతది గద అత్తమ్మా. లోపల గడ్డ గూడ గంతే. పెరుగుమని కబురు లోపలికి పోతెనే పెరుగుతది. దూడను కట్టేసినట్టు ఈ గోలీ ఆ కబురును కట్టేస్తది. చర్మానికి గూడ గదే కబురు గావాలె. అది అందక పొక్కులొచ్చినయి."

"దూడను కట్టేస్తే బర్రె ఊకుంటదా?" ఆండాలు చెంప మీది పొక్కును వేలితో తాకింది. "ఎగిరి తంతది. ఇగో, మొఖం మీదనే తన్నింది."

ఆమె నవ్వలేదు. నవ్వుతుందేమోనని ఎదురుచూసిన లావణ్య కళ్లు దించుకుంది.

"మరి తల్లి పోయలేదా?" అంది నాగమణమ్మ, చిన్నపిల్ల అడిగినట్టు.

"మొక్కినవ్ గద వదినె. ఉండనీ. మొక్కు యాడికి పోదు." ఆండాలు భర్త వైపు తిరిగింది. "నీకు తెల్సా?"

మొగులయ్య "ఆండాలూ..." అన్నాడు.  భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. తువ్వాల తీయలేదు.

"అందరికి తెల్సు. నాకే తెల్వదు. నా ఒంట్లున్నది, నాకే తెల్వదు."

"నువ్వు భయపడ్తవని..." లావణ్య మొదలుపెట్టింది.

"భయపడ్త. ఎందుకు భయపడ? ఇప్పుడు గూడ భయపడ్తున్న. చూడు." చెయ్యి చాపింది. చెయ్యి వణుకుతోంది. "కాని గిన్ని దినాలు నేను పొద్దున లేసి నిమ్ము తగ్గిందని దేవునికి దండం పెట్టిన. ఎవలికి పెట్టిన ఆ దండం? దేనికి పెట్టిన?"

లావణ్య ఆ వణికే చేతిలో గోలీ పెట్టింది. గ్లాసు అందించింది. ఆండాలు గోలీని అరచేతిలో అటూ ఇటూ కదిపి చూసింది. నోటి దాకా తీసుకెళ్లింది.

ఆగిపోయింది.

"నిమ్ము అని నాకు చెప్పింది నా కొడుకు," అంది. "నా మంచం మీదనే కూసోని, చెయ్యి పట్టుకోని చెప్పిండు. వాని మాట నమ్మి దినాం మింగిన. ఇప్పుడు గా నమ్మకం లేదు. ఒట్టి గోలీ ఎట్ల మింగాలె?"

"అత్తమ్మా, ముందల వేస్కో. మాటలు తర్వాత."

"నువ్వు చెప్పినవ్ బిడ్డా. నీ మీద నాకు కోపం లేదు. కాని కన్నది నేను వాణ్ణి. వాన్నొచ్చి ఈడ కూసోమను. వాని నోటితోని చెప్పమను, నాకేం రోగమొచ్చిందో. గప్పుడేస్కుంట. లేకుంటె ఇది గిట్లనే ఉంటది నా చేతిల." గోలీ మీద వేళ్లు మూసింది. "ఇది తల్లి మాట అనుకో, నా మాట అనుకో."

అందరూ గుమ్మం వైపు చూశారు.

గుమ్మంలో మహేందర్ లేడు.

నాగమణమ్మ లేచి వాకిట్లోకి పరిగెత్తింది. "ఒరే మహేందరూ! ఒరే, రారా ఇటు! మీ అమ్మ పిలుస్తాంది!" అని ఆమె అరుస్తుండగానే గల్లీలో అతని బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది.

లావణ్య కదల్లేదు. అత్త మూసిన గుప్పిట మీద చెయ్యి వేసి, చెవులు రిక్కించి కూర్చుంది.

బండి ఇంజన్ మోగుతూనే ఉంది. ముందుకు పోలేదు. ఆగనూ లేదు.